భర్తీ చూసుకుని రండి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, మీ రోజుల్లో జరిగింది ఏదైనా చెప్పండి సార్ అంటారు. వాళ్లు నా దగ్గర బాయిలర్ కథలు ఆశిస్తారని నాకు తెలుసు. నేను ఎక్కువ కాలం పనిచేసింది ప్లానింగ్ విభాగంలో. ఒక్కో యూనిట్‌ను ఆపి, విప్పి, బాగుచేసి మళ్లీ నడిపించడానికి ఏ రోజు ఏ పని జరగాలో పెద్ద కాగితం మీద గీసి గోడకు తగిలించడం నా పని. అలాంటి చార్టులు ఎన్ని గీశానో లెక్కలేదు. ఒక్కటీ ఇప్పుడు కళ్ల ముందుకు రాదు. గుర్తున్నది ఒక్కటే. అది బాయిలర్‌ది కాదు, సముద్రానిది. పైగా అది దెబ్బతిన్న ప్లాన్. అందుకే మీకు దాని గురించి చెబుతాను.

చంద్రపూర్ నుంచి ఏ వైపు పోయినా సముద్రం ఒక రోజు ప్రయాణం. ఊర్జానగర్ క్వార్టర్లలో ఉండే మాకు పెద్ద నీళ్లంటే ఇరై డ్యామ్ వెనక నిలిచిన జలాశయమే. ఆ నీళ్లతోనే మా కరెంటు కేంద్రం నడిచేది. అవతలి ఒడ్డున పులుల అడవి. నేను పుట్టి పెరిగింది ఆదిలాబాద్ వైపు. నలభై ఏళ్లు దాటేదాకా సముద్రాన్ని క్యాలెండర్ బొమ్మల్లోనే చూశాను.

అవి దేశంలో అన్నీ మారిపోతున్నాయని అందరూ అనుకుంటున్న రోజులు. ఇక మీదట కరెంటు కూడా ప్రైవేటు వాళ్లే తయారు చేస్తారట అని క్యాంటీన్‌లో గుసగుసలు. కాలనీ మేడల మీద డిష్ గొడుగులు లేచాయి. కొత్త ఉద్యోగాల భర్తీ ఆపేశారు. ఒకరు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఖాళీగా ఉండిపోయేది, ఆయన పని పక్కవాడి నెత్తిన పడేది. అందరి ముఖాలూ కొంచెం వాడి ఉండేవి.

అప్పుడే మాకు కొత్త పెద్దసారు వచ్చాడు. పుణె మనిషి. ఎక్కడో మేనేజ్‌మెంట్ తరగతులకు వెళ్లివచ్చి, ఉద్యోగులంతా కలిసి ఏదైనా సాహసం చేస్తే మళ్లీ ఉత్సాహం వస్తుందని నమ్మాడు. మా ఉద్యోగుల క్లబ్బు కోసం మూడు కయాక్‌లు తెప్పించాడు. కయాక్ అంటే సన్నగా, పొడుగ్గా ఉండే తేలిక పడవ. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో ఇటూ అటూ తోసుకుంటూ పోవాలి. అవి లారీ దిగిన రోజు కాలనీ అంతా కట్ట మీదికి వచ్చి చూసింది.

నాలుగు నెలలు జలాశయంలో నేర్చుకోవాలి, తర్వాత కొంకణ్ తీరంలో అడవి సముద్రం దాకా దిగివచ్చే చోట మూడు రోజులు ప్రయాణం చేయాలి. ఇదీ పెద్దసారు ఆలోచన. నన్ను పిలిచి ఆ ప్రయాణం ప్లాన్ చేయమన్నాడు.

"సార్, నేను సముద్రం చూడనే లేదు" అన్నాను.

"బాయిలర్ లోపలికి ఎన్నిసార్లు వెళ్లావు? రెండుసార్లు వెళ్లావేమో. నెల రోజుల షట్‌డౌన్ గీసేవాడికి మూడు రోజుల సముద్రం ఎంత!" అని నవ్వాడు.

నాకు ఆ మాట నచ్చింది. నచ్చకుండా ఉంటే బాగుండేది.

* * *

మాకు తెడ్డు వేయడం నేర్పిన మనిషి పంపుహౌస్ దగ్గర పడవ నడిపే ఉద్యోగి. పంపుల వైపు కొట్టుకువచ్చే గుర్రపుడెక్కను లాగి పారేయడం ఆయన పని. ప్రాణహిత ఒడ్డున బెస్త కుటుంబంలో పుట్టినవాడు. రిటైర్మెంట్‌కు ఇంకో ఏడాది ఉంది. అందరం కాకా అనేవాళ్లం. మొదటిసారి కయాక్‌ను చూసి చుట్టూ తిరిగి, వేలితో తట్టి, "సారూ, గిది పడవ గాదు, అరటి దొప్ప" అన్నాడు. తర్వాత అందులో కూర్చుని, ఎక్కడా తడబడకుండా అర కిలోమీటరు పోయి తిరిగి వచ్చాడు.

నేను మొదటి రోజు మూడుసార్లు నీళ్లలో పడ్డాను. కట్ట మీద ఉన్న పిల్లలు లెక్కపెట్టారు కాబట్టి ఆ సంగతి దాచలేను.

"నడుము గట్టిగ వెట్టకు సారూ" అన్నాడు కాకా. "నీళ్లు ఎటు వోతే నీ నడుము అటు వోనియ్యి. నువ్వు నీళ్లకు హుకుం ఇస్తున్నవ్. గవి ఇంటయా?"

అందరికన్నా ముందు నేర్చుకున్నది మా నీళ్ల ల్యాబ్‌లో పనిచేసే కెమిస్ట్ అమ్మాయి. రాజురాలో బట్టల దుకాణం నడిపే తెలుగువాళ్ల కూతురు. చిన్నప్పుడే వర్ధా నదిలో ఈత నేర్చింది. ఆమె పేరు జట్టులో రాశాక వాళ్ల నాన్న నన్ను చూడటానికి ఊర్జానగర్ వచ్చాడు. ఊరి సంగతులు కొన్ని మాట్లాడాడు. చివరికి, "సారూ, మీరు పెద్దోళ్లు. గా సముద్రంల పడితే లేస్తరా?" అని అడిగాడు.

"మీ బిడ్డ లేస్తది. నేనే లేస్తనో లేదో చెప్పలేను" అన్నాను. ఆయన నవ్వి, చాయ్ తాగి, ఒప్పుకుని పోయాడు.

మిగిలిన ముగ్గురిలో ఒకడు బాయిలర్ ఫిట్టర్, ఒకడు క్రేన్ ఆపరేటర్, ఇంకొకాయన స్టోర్స్ గుమాస్తా. మొత్తం ఆరుగురం, మూడు పడవలు. నేనూ కెమిస్టూ ఒక పడవ. కాకా, గుమాస్తా ఒకటి. ఫిట్టరూ క్రేన్ ఆపరేటరూ ఇంకొకటి. ఆ ఇద్దరూ జబ్బల బలం ఉన్నవాళ్లు. ఎప్పుడూ అందరికన్నా ముందుండేవాళ్లు.

నేను ప్లాన్ మొదలుపెట్టాను. తీరం మ్యాపు మీద దారం పరిచి దూరం కొలిచాను. జలాశయంలో గంటకు ఎంత పోతున్నామో వాచీ పెట్టి చూశాను. దూరాన్ని వేగంతో భాగిస్తే గంటలు వచ్చాయి. ఏ గంటకు ఎక్కడ ఉండాలో, ఎక్కడ తినాలో, ఎక్కడ మంచినీళ్లు నింపుకోవాలో రంగు పెన్సిళ్లతో గీశాను. గాలికి ఒక గడి, అలలకు ఒక గడి, పాముకాటు మందుకు కూడా ఒక గడి పెట్టాను. రెండు షట్‌డౌన్ల మధ్య ఖాళీ చూసి మాఘ పౌర్ణమి మధ్యలో వచ్చేలా మూడు రోజులు ఖాయం చేశాను. పౌర్ణమి ఎందుకంటే ఒడ్డున గుడారం వేసుకుంటే వెన్నెల ఉంటుంది, లాంతరు బరువు తగ్గుతుంది. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆటుపోట్ల గురించి నాకు తెలియదని కాదు. బడిలో చదివాను. నీళ్లు ఒడ్డు మీద కొంత పైకి వస్తాయి, కొంత కిందికి పోతాయి, గుడారం కాస్త ఎత్తున వేసుకుంటే చాలు అనుకున్నాను.

చార్టు గోడకు తగిలించిన రోజు కాకా వచ్చి చాలాసేపు చూశాడు. చదువు రాదు కానీ గీతలు పట్టుకోగలడు.

"రెండో రోజు పొద్దుమూకక ముందు మనం దిగే తావు ఏంది సారూ?"

"అక్కడ ఒక నది సముద్రంల కలుస్తది కాకా. మనం దాని నోట్లకెళ్లి లోపటికి పోతం. లోపల అలలుండయి. మంచినీళ్ల బావి ఉన్నది."

"నోట్లకెళ్లి లోపటికి పోతుంటే నీళ్లు మనకు ఎదురొస్తయా, ఎంట వస్తయా?"

"ఎండాకాలం దగ్గర పడ్డది కాకా. గా నదిల నీళ్లే ఉండయి, ఇంక ఎదురేం వస్తయి?"

కాకా తల గోక్కున్నాడు. "ఏమో సారూ. నువ్వు సదువుకున్నోనివి" అని పోయాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతికి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

* * *

ఆ నది నోటి దగ్గర ఉన్న ఊళ్లో మాకు ఒక ఆధారం దొరికింది. ఆ తీరం నుంచి చంద్రపూర్‌కు బదిలీ మీద వచ్చిన ఒక బడిపంతులు, తమ ఊరి జాలరి పెద్దమనిషి చిరునామా ఇచ్చాడు. ఆయనకు నేను మరాఠీలో కార్డు రాశాను. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఏ ఇసుక ఒడ్డున పడవ లాగవచ్చో, ఏ కొండ కింద రాళ్లు నీళ్లలో దాక్కుని ఉంటాయో, ఏ బావి నీళ్లు తియ్యగా ఉంటాయో అన్నీ రాశాడు. మా ఫిట్టర్ అడగమంటే అక్కడి అడవిలో పులులున్నాయా అని రెండో కార్డులో అడిగాను. చంద్రపూర్ వాళ్లకు అడవి అనగానే వచ్చే మొదటి అనుమానం అదే కదా. పులులు లేవు, చిరుత ఉంది, అది కుక్కల కోసమే వస్తుంది అని రాశాడు. తనకు ఒక కొడుకు ఉన్నాడని, ఐటీఐ చదివి ఇంటి దగ్గరే ఉంటున్నాడని, తనతోపాటు చేపల వేటకు వస్తున్నాడని కూడా రాశాడు.

మా తేదీలు తెలియజేయడానికి ముందు, ఏ వారం అనుకూలంగా ఉంటుందని మూడో కార్డు వేశాను. దానికి వచ్చిన జవాబు రెండే వాక్యాలు. అందులో రెండోది ఇది. "భర్తీ చూసుకుని ఆ తర్వాతే రోజు ఖాయం చేయండి."

అక్కడే నేను పప్పులో కాలేశాను.

పాపం, ఐటీఐ చదివిన కొడుకు ఉన్నాడు. ఇక్కడ పెద్ద కరెంటు కేంద్రం. భర్తీ ఎప్పుడో చూసి, ఆ సమయానికి తగ్గట్టు రండి, మావాణ్ని కూడా తీసుకువెళ్లండి అంటున్నాడనుకున్నాను. అడగలేక అడిగినట్టుందని మనసు చివుక్కుమంది. ఆ రోజుల్లో మాకు అలాంటి ఉత్తరాలు రాని వారం ఉండేది కాదు. మరాఠీ వచ్చినవాళ్లు నా చుట్టూ ఎందరో ఉన్నారు. ఒక్కరికీ చూపించలేదు. ముక్కూ ముఖమూ తెలియని మనిషి అవసరాన్ని పదిమందిలో పెట్టి నవ్వులపాలు చేయడం ఎందుకని దాచాను. ఎంతో మర్యాదగా జవాబు నేనే రాశాను.

"తమరి మాట అర్థమైంది. కాని చంద్రపూర్‌లో భర్తీ పూర్తిగా బంద్ అయింది. ఇక ముందు కూడా ఉంటుందన్న నమ్మకం లేదు. దయచేసి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మేము మాఘ పౌర్ణమి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మీ ఊరికి చేరుకుంటాము."

దానికి ఆయన దగ్గర నుంచి జవాబు రాలేదు. బాధపడ్డాడనుకున్నాను.

* * *

పడవలు లారీలో, మేము రైల్లో బయలుదేరాం. ఘాట్ దిగి, జీడిమామిడి తోటలు దాటి, ఒక మలుపు దగ్గర జీపు ఆగింది. ఎదురుగా సముద్రం. మా గుమాస్తా చప్పట్లు కొట్టాడు. కెమిస్ట్ అమ్మాయి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. కాకా మాత్రం ఇసుకలో గొంతుకూర్చుని గంటసేపు కదలకుండా చూశాడు. నేను వెళ్లి పిలిస్తే, "ఉండు సారూ. ఇంక నాకు అంతు చిక్కలే" అన్నాడు.

మొదటి రోజు చార్టులో రాసింది రాసినట్టే జరిగింది. ఎర్రరాతి కొండలు నిటారుగా నీళ్లలోకి దిగి ఉన్నాయి. వాటి మీద అడవి ఎంత దట్టంగా ఉందంటే, కొన్ని చోట్ల కొమ్మలు మా తలల మీదికి వంగి ఉన్నాయి. ఒడ్డు రాళ్ల మీద కొండముచ్చులు కూర్చుని మమ్మల్ని చూశాయి. నీళ్లు కొండ కింద గుహల్లోకి పోయి గుడగుడమంటూ బయటికి వచ్చేవి. రోజుకు ఎనిమిది గంటలు బూడిద, బొగ్గు, హారన్ల మధ్య బతికిన మాకు ఆ చప్పుడు ఎంత వింటే అంత వినాలనిపించింది. అనుకున్న గంటకు పది నిమిషాల ముందే దిగాం. నేను చార్టులో ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం దాకా అంతే. రెండున్నరకు గాలి లేచింది. మూడు గంటలకు, సరిగ్గా నేను రాసిన సమయానికే, నది నోరు కనిపించింది. రెండు అడవి కొండల మధ్య వెడల్పాటి సందు. దాని ముందు నీళ్లు తెల్లగా మరుగుతున్నట్టు ఉన్నాయి. కుడి వైపు రాతి కొస మీద ఒక ముసలాయన నిలబడి ఎర్ర గుడ్డ ఊపుతున్నాడు.

"చూడు, మన జాలరి పెద్దాయనే! స్వాగతం చెప్తుండు" అని నేను తెడ్డు పైకెత్తి ఊపాను. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. నేనూ ఇంకా గట్టిగా ఊపాను.

ముందు కూర్చున్న కెమిస్ట్ అమ్మాయి తెడ్డు ఆపేసింది. "సార్, రమ్మనెటోళ్లు గట్ల ఊపరు. మా నాయిన ఎడ్లబండిని ఆపేటప్పుడు గట్లనే అడ్డంగ ఊపుతడు. ఆయన వద్దంటుండు."

అప్పటికే ఫిట్టరూ క్రేన్ ఆపరేటరూ మాకన్నా చాలా ముందు ఉన్నారు. నేను గొంతు చించుకుని అరిచాను. గాలికి వాళ్లకు వినబడలేదు. తెల్లటి నీళ్లలోకి వాళ్ల పడవ ముక్కు దూరింది. లోపలి నుంచి నది తోసుకువస్తోంది, బయటి నుంచి అలలు తోసుకువస్తున్నాయి. రెండింటి మధ్య పడవ నిట్టనిలువుగా లేచి, పక్కకు తిరిగి, బోర్లాపడింది.

రెండు తలలు కనిపించాయి. నారింజ రంగు తేలే జాకెట్లు కనిపించాయి. ఆ తర్వాత మరో అల వచ్చింది, ఏమీ కనిపించలేదు.

నా చేతులు వాటంతటవే తెడ్డు వేయడం మొదలుపెట్టాయి. పక్క నుంచి కాకా గొంతు వినిపించింది. అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"ఆగు! పోకు సారూ! ఆగుమంటున్న!"

"కాకా, మనోళ్లు..."

"నీళ్లు బయటికే వస్తున్నయి, సూస్తలేవా? మనం పోతె మనం గూడ మునుగుతం. ఇక్కడనే ఉండు. గా నీళ్లే ఆళ్లను మన తానకు తెస్తయి."

ఉద్యోగంలో నేను తీసుకున్న నిర్ణయాలన్నీ కుర్చీలో కూర్చుని తీసుకున్నవే. ఇది అలా కాదు. కళ్ల ముందు ఇద్దరు మనుషులు నీళ్లలో ఉన్నారు, చేతిలో తెడ్డు ఉంది, నేను వాళ్ల దగ్గరికి పోకుండా ఆగాలి. ముందు కూర్చున్న అమ్మాయి వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. "కాకా చెప్పినట్టు చేద్దాం" అన్నాను. ఆ మాట అనడానికి ఎంత సేపు పట్టిందో నాకు తెలియదు. ఆమె మాత్రం, వెంటనే అన్నరు సార్ అని తర్వాత చెప్పింది.

కాకా చెప్పిందే జరిగింది. నది ప్రవాహం తెల్లటి నీళ్లను దాటించి వాళ్లను మా వైపు తెచ్చింది. మొదట బోర్లాపడిన పడవ వచ్చింది, దాన్ని పట్టుకుని ఫిట్టర్ ఉన్నాడు. కొంచెం వెనకగా క్రేన్ ఆపరేటర్, తెడ్డు వదలకుండా, ఉప్పునీళ్లు కక్కుతూ వచ్చాడు. కెమిస్ట్ అమ్మాయి అతని జాకెట్ మెడ పట్టుకుని, "వదిలిన్నంటె ఒట్టు" అంటూ లాగింది. కాకా, గుమాస్తా కలిసి ఆ పడవను తిప్పి నిలబెట్టారు. మేమంతా గిన్నెలతో నీళ్లు తోడి పోశాం. ఇద్దరినీ మళ్లీ అందులోకి ఎక్కించాం. ఆ పడవలో పెట్టిన మా మిగిలిన తిండి, మంచినీళ్ల డబ్బా, నా చార్టు అన్నీ సముద్రంలో కలిశాయి.

ఇప్పుడు ఎటు పోవాలి? వెనక్కి పోదామంటే గాలి ఎదురు. రెండు పక్కలా కొండ, కింద రాళ్లు. లోపలికి పోయే దారి అదొక్కటే, అది మూసుకుని ఉంది. రాతి కొస మీద ముసలాయన ఊపడం ఆపి, గుడ్డ కింద పరుచుకుని దాని మీద కూర్చున్నాడు.

"కూసున్నడంటె మనల్ని గూడ కూసోమంటుండు" అన్నాడు కాకా.

మూడు పడవలను పక్కపక్కనే చేర్చి తాళ్లతో కట్టాం. ఆరుగురం ఒకరి భుజం ఒకరు పట్టుకుని దాదాపు మూడు గంటలు అలల మీద లేస్తూ, దిగుతూ ఉన్నాం. ఉన్న ఒక్క సీసా నీళ్లు వంతులవారీగా గుక్కెడు గుక్కెడు తాగాం. గుమాస్తా స్టోర్స్‌లో ఇచ్చినట్టే లెక్కగా ఇచ్చాడు. ఫిట్టర్‌కు చలికి పళ్లు టకటకలాడుతుంటే క్రేన్ ఆపరేటర్, "పులి లేదని సంబురపడితివి కదరా" అన్నాడు. ఆ మాటకు అందరం నవ్వాం. నేను మాత్రం నవ్వుతూనే లోపల ఏడుస్తున్నాను. ఈ ఐదుగురి ఇంటివాళ్లకూ నేనే మాట చెప్పి తీసుకువచ్చాను.

పొద్దు సముద్రంలోకి దిగుతుండగా తెల్లటి నీళ్లు పలచబడ్డాయి. కాసేపటికి అక్కడ ఏమీ జరగనట్టు నీళ్లు నున్నగా అయిపోయాయి. ముసలాయన లేచి, ఈసారి గుడ్డను పైకీ కిందికీ ఆడించాడు. మేం కదిలాం. నది నోటి దగ్గరికి రాగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు పడవలు వాటంతటవే లోపలికి జారాయి. తెడ్డు వేయాల్సిన పని కూడా లేదు. ఎదురుగా అడవి కొండ వెనక నుంచి నిండు చంద్రుడు వస్తున్నాడు. కాకా తెడ్డు ఒళ్లో పెట్టుకుని, "గిది గదా సంగతి! పొద్దంత బయటికి, పొద్దుమూకినంక లోపటికి. నది ఊకె ఉంటలేదు సారూ, సముద్రమే దాంట్లకు పోయి వస్తున్నది" అన్నాడు. ఆయనకు అంతు చిక్కింది.

* * *

ఒడ్డున ఊరు ఊరంతా ఉంది. ముసలాయన మా అందరికీ పొడి బట్టలు ఇప్పించి, వేడి అన్నం, చేపల పులుసు పెట్టించి, మేం తినడం అయ్యేదాకా ఒక్క మాట అడగలేదు. తర్వాత నా ముందు కూర్చుని, మరాఠీలో ఎంతో మెల్లగా అడిగాడు.

"సాహెబ్, చంద్రపూర్‌లో భర్తీ బంద్ అయిందని రాసింది ఎవరు?"

"నేనే బాబా."

"నీళ్లు ఎక్కడం బందయితే మీ దగ్గర మనుషులు ఎట్లా బతుకుతున్నారు?"

నాకు అర్థం కాలేదు. ఆయన చేత్తో నది వైపు చూపించాడు. సముద్రం ఎక్కి వస్తే భర్తీ, దిగి పోతే ఓహోటీ అన్నాడు. మనం పోటు, ఆటు అంటామే, అవి. మరాఠీలో ఉద్యోగాల భర్తీకీ సముద్రపు పోటుకూ ఒకటే మాట. ఆ తీరం వాళ్లు పొద్దున లేస్తే అనుకునేది ఈ భర్తీ. మా ఊళ్లో అనుకునేది ఆ భర్తీ. పోటు చూసుకుని రోజు పెట్టుకోండి అని ఆయన రాస్తే, మా దగ్గర పోటు శాశ్వతంగా ఆగిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు అని నేను సలహా ఇచ్చాను.

ఆ కార్డును ఊరంతా చదివారట. కొందరు నవ్వారట. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇలా రాసిన మనిషికి ఏమీ తెలియదు, పైగా పౌర్ణమి రోజు మూడు గంటలకు వస్తానంటున్నాడు, అది నీళ్లు అన్నిటికన్నా జోరుగా బయటికి పోయే వేళ. మళ్లీ కార్డు రాస్తే అందేలోపు వీళ్లు బయలుదేరతారు. అందుకే భోజనం చేసి వచ్చి రాయి మీద నిలబడ్డాను" అన్నాడు.

నేను తలెత్తలేకపోయాను. కానీ దాచడానికి ఇక ఏముంది? ఆయన తన కొడుక్కి ఉద్యోగం అడుగుతున్నాడని అనుకున్నానని అందరి ముందూ చెప్పాను.  ముందు ఆ కొడుకే పడీపడీ నవ్వాడు. "నేనా? చంద్రపూర్‌కా? అక్కడ చేపలున్నాయా?" అన్నాడు. ఇక ఎవరూ ఆగలేదు. కెమిస్ట్ అమ్మాయికి నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు వచ్చాయి.

"సార్, గా కార్డు ఒక్కసారి మాకు చూపిస్తె ఏమయ్యేది?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

"ఆయన చిన్నబోతడని చూపియ్యలేదమ్మా."

"ఆయన చిన్నబోవుడేమో గని, మేం మునుగుతుంటిమి."

నవ్వుతూనే అంది. నేను ఆ మాటను నవ్వుగా తీసుకోలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు, నాకు అర్థమైందని అనుకున్న ప్రతి కాగితాన్నీ ఇంకొకరి చేతిలో పెట్టి, నువ్వు చదివి ఏమనుకున్నావో చెప్పు అని అడిగేవాణ్ని. నా గదికి వచ్చే ఫిట్టర్లు దానికి విసుక్కునేవాళ్లు. విసుక్కున్నా చెప్పేవాళ్లు.

* * *

మరుసటి రోజు పొద్దున ఊళ్లోని ఎస్టీడీ బూత్ నుంచి పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన అప్పటికే మా ప్రయాణం ముగిసే ఒడ్డు దగ్గరి లాడ్జిలో దిగి ఉన్నాడు. పూలదండలు, పేపరువాళ్లు, జిల్లా అధికారి ఒకరు, అందరూ ఆ సాయంత్రం నాలుగు గంటలకు వస్తారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక పడవకు పగులు పడింది, ఇద్దరికి ఒళ్లు నొప్పులు, ఈ రోజు కదలం, రేపు మధ్యాహ్నం పోటు నిండాక బయలుదేరతాం అన్నాను.

"నాలుగు గంటలకు మనుషులను పిలిచాను" అన్నాడాయన.

"తెలుసు సార్. మేం రాము."

 బూత్‌లో మీటరు తిరుగుతోంది.

"రిపోర్టులో ఆలస్యానికి కారణం ఏమని రాస్తావు?"

మా దగ్గర ప్రతి ఆలస్యానికీ రాసే మాట ఒకటుండేది, అనివార్య పరిస్థితులు అని. అది నా నోటి చివరిదాకా వచ్చింది. "నా తప్పు అని రాస్తాను సార్. నాకు తెలియని మాటకు తెలిసినట్టు జవాబు రాశాను" అన్నాను.

"ఆరుగురూ బాగున్నారా?"

"బాగున్నారు సార్."

"అయితే మెల్లగా రండి" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజంతా ఊళ్లోనే ఉన్నాం. జాలరి కొడుకూ ఫిట్టరూ కలిసి పడవ పగులుకు మాటు వేశారు. ముసలాయన ఇసుకలో పుల్లతో గీసి, మా చివరి రోజు ఎలా సాగాలో చెప్పాడు. నేను గడియారం గంటలు రాయబోతే వద్దన్నాడు. ఫలానా రాయి మునిగాక బయలుదేరు, ఫలానా కొండ నీడ నీళ్లలో పడేలోపు దాటు, ఇలా చెప్పాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. రాసింది ఆయనకే మళ్లీ చదివి వినిపించాను. రెండు చోట్ల సరిచేశాడు.

ఆ చివరి రోజు నా జీవితంలోని మంచి రోజుల్లో ఒకటి. నిండు నీళ్ల మీద నది నోరు అద్దంలా ఉంది. అడవి అంచునే పోయాం. ఎవరూ ముందుకు దూకలేదు. ఫిట్టరూ క్రేన్ ఆపరేటరూ మొదటిసారి కాకా వెనకే వచ్చారు. ఒక చోట కొండ మీది నుంచి సన్నటి నీటిధార నేరుగా సముద్రంలో పడుతుంటే, దాని కింద పడవలు నిలిపి తలలు తడుపుకున్నాం, సీసాలు నింపుకున్నాం.

చేరాల్సిన ఒడ్డుకు చేరేసరికి అక్కడ దండలు లేవు, పేపరువాళ్లు లేరు. వాళ్లు ముందు రోజే వచ్చి చూసి వెళ్లిపోయారు. ఇసుకలో పెద్దసారు ఒక్కడే చేతిరుమాలు తలకు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. మేం పడవలు లాగుతుంటే వచ్చి ఒక చేయి వేశాడు.  ఆరుగురి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. తర్వాత కాకా దగ్గరికి వెళ్లి, ఆయన భుజం మీద చేయి వేసి, కొంచెం మొహమాటంగా, హిందీలో, "నన్నొకసారి తిప్పుతావా?" అని అడిగాడు.

మూడు కయాక్‌లు తెప్పించిన మనిషి అప్పటిదాకా ఒక్కసారి కూడా వాటిలో కూర్చోలేదని అప్పుడు మాకు తట్టింది.

ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ముందు సీట్లో కూర్చున్నాడు. పడవ ఇలా కదలగానే రెండు అంచులూ గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయాడు. వెనక నుంచి కాకా తెడ్డు నీళ్లలో వేస్తూ, హిందీ తెలుగు కలిపి, మా అందరికీ వినబడేలా అన్నాడు.

"సాబ్, బిగవట్టకు. నడుము ఢీలా ఛోడో. నేనున్న గదా."